గీత మారిన బంపర్

తెలీబంధాలోని ఓ ఇంట్లో కారు ప్లాస్టిక్ బంపర్‌కు రంగు వేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. తండ్రీకొడుకుల మధ్య అసలు మాట బయటకు రావడానికీ అంతే పట్టింది.

గేటు స్తంభానికి పెద్దగా ఏమీ కాలేదు. కాస్త సున్నం రాలింది, అంతే. నష్టమంతా కారుకే. వెనక బంపర్ ఎడమ మూలన మూరెడు పొడవున మూడు గీతలు పడ్డాయి. వాటిలో రెండు పైపైనవే. మూడోది మాత్రం వెండి రంగునూ దాని కింది ప్రైమర్‌నూ చీల్చుకుని నల్లటి ప్లాస్టిక్ దాకా దిగింది. రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువుకు కూతవేటు దూరంలోని ఆ ఇంట్లో నవంబర్‌లో ఓ గురువారం సాయంత్రం జరిగింది ఇదే. రివర్స్ చేస్తున్నది 75 ఏళ్ల పెద్దాయన. మనవరాలిని ట్యూషన్‌లో దింపడానికి బయల్దేరారు. రాత్రి కొడుకు ఆఫీసు నుంచి రాగానే ఆయనే ముందు చెప్పారు: "గేటు ఇరుకైపోయిందిరా."

ఆ గేటు 20 ఏళ్లుగా అంతే వెడల్పుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కొడుకు టార్చిలైట్ వేసి బంపర్ చూసి, "పర్లేదులే నాన్నా" అన్నాడు. ఆ మాటతో విషయం ముగిసిపోవాలని తండ్రి ఆశ. ముగియదని కొడుకుకు తెలుసు. కానీ ఎలా మొదలుపెట్టాలో మాత్రం అతనికి తెలియలేదు.

ముందుగా లెక్క. కొడుకు ఓ ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ అధికారి. బంపర్ మొత్తానికి రంగు వేయడానికి వీధి చివరి డెంటింగ్-పెయింటింగ్ షాపు రూ. 4,500 అడిగింది. కొత్త బంపర్ వేసి ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దామని, రంగు, బిగింపు కలిపి రూ. 10,000 అవుతుందని మరో వర్క్‌షాప్ సలహా ఇచ్చింది. అతను కాగితం మీద వేసి చూశాడు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. రంగు సామగ్రి ఖర్చులోనూ సగం కోతే. 1,500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా యజమాని భరించాల్సిన మొత్తం మరో రూ. 1,000. ఇవన్నీ పోగా చేతికొచ్చేది రూ. 5,600 పైచిలుకు. దానికి బదులు పోయేది నో క్లెయిమ్ బోనస్. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా 50 శాతానికి చేరే ఆ రాయితీ ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది. అతని కారుకు సొంత నష్టం కింద ప్రీమియం ఏటా రూ. 5,000 అనుకుంటే, మళ్లీ మెట్లెక్కే క్రమంలో నాలుగేళ్లలో నష్టపోయేది రూ. 6,000. అంటే కంపెనీ ఇచ్చే డబ్బు అతని జేబులోంచే వాయిదాల్లో వెనక్కి వెళ్తుందన్నమాట. ఢీకొన్నది పెద్ద వాహనాన్నయితే క్లెయిమ్ సంగతి వేరు. గీతకు మాత్రం అది గిట్టుబాటు కాదు.

లెక్కంతా విన్న పెద్దాయన ఒకే మాట అన్నారు: "నేను చేస్తాను."

ఆ మాట అనే అర్హత ఆయనకుంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ దాకా 1931లో రైలు మార్గం పూర్తయ్యాక ఆ పట్టాల వెంట ఎన్నో తెలుగు కుటుంబాలు ఇటు తరలివచ్చాయి. రైల్వేలోకి కొందరు, భిలాయి ఉక్కు కర్మాగారంలోకి మరికొందరు. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఈయన రాయ్‌పూర్‌లోని రైల్వే వ్యాగన్ రిపేర్ షాప్‌లో పెయింటర్‌గా చేరి, 2010లో రిటైరయ్యారు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి పదేళ్లయింది. ఆయన పనిచేసిన రైల్వే పేరు కూడా మారిపోయింది. తుప్పు గీకడం, రెడ్ ఆక్సైడ్ పూయడం, ఆపై రంగు కొట్టడం, స్టెన్సిల్ పెట్టి తెల్లటి అక్షరాలు అద్దడం... మూడున్నర దశాబ్దాల పాటు ఆయన చేసింది అదే.

అయితే ఆయనకు తెలిసింది ఇనుము. బంపర్ ఇనుము కాదు.

ఒకప్పుడు అదీ ఇనుమే. అంబాసిడర్‌కూ ప్రీమియర్ పద్మినీకీ ముందూ వెనకా మెరిసే క్రోమ్ పూత ఉక్కు పట్టీలుండేవి. వాటి పనే దెబ్బ తినడం. సొట్ట పడితే సుత్తితో సరిచేసేవారు. లేదంటే అలాగే వదిలేసేవారు. 1972లో ఫ్రాన్స్‌లో వచ్చిన రెనో 5 ప్లాస్టిక్ బంపర్‌కు దారి చూపింది. బరువు తగ్గింది, తుప్పు బెడద పోయింది. మన దేశంలోనూ చిన్నకార్లతో పాటు నల్లటి, బూడిద రంగు ప్లాస్టిక్ బంపర్లు వచ్చాయి. అప్పటికీ ఇబ్బంది లేదు, గీత పడ్డా నలుపులో నలుపు కలిసిపోయేది. ఆ తర్వాత బంపర్‌కూ కారు రంగే వేయడం హోదా అయింది. ఖరీదైన మోడల్‌కు రంగు బంపర్, చవక మోడల్‌కు నల్ల బంపర్. దెబ్బ తినడానికి పుట్టిన భాగం దెబ్బ తగలకూడని భాగంగా మారింది. దాన్ని కాపాడేందుకు జనం మళ్లీ ఇనుప గార్డులు బిగించసాగారు. వాటి వల్ల పాదచారులకు ప్రమాదమని, ఎయిర్‌బ్యాగ్ పనితీరుకూ అడ్డమని చెబుతూ 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ వాటిపై చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. దాంతో బంపర్ మళ్లీ ఒంటరైంది.

మొదటి ఆదివారం కడుగుడుతో మొదలైంది. సబ్బునీళ్లు, ఆపై మైనమూ జిడ్డూ తీసే ద్రావకం. కడిగాక ఎండలో చూస్తే రెండు గీతలు గోటికి తగలనే లేదు. అవి పైనుండే పారదర్శక పూతలోనే ఉన్నాయి. రబ్బింగ్ కాంపౌండ్‌తో పావుగంట రుద్దితే మాయమయ్యాయి. చాలామంది రంగు వేయించేసే గీతల్లో ఇలా రుద్దితే పోయేవి ఎన్నో ఉంటాయి. మూడోదానికి గోరు తట్టుకుంది. పెద్దాయన బంపర్ కింద చేయి పెట్టి తడిమి అంచులు, బిగింపు కొక్కేలు చూశారు. ఏదీ విరగలేదు. బంపర్‌గా కంటికి కనిపించేది పైతొడుగే. దెబ్బను తట్టుకునే ఉక్కు దూలం దాని వెనక ఉంటుంది. కొక్కేలు విరిగినా, తొడుగు చిట్లినా, దూలం వంగినా అది ఇంట్లో చేసుకునే పని కాదు.

తొడుగు లోపలివైపు అచ్చులో పోసిన అక్షరాలు కొడుకు కంటబడ్డాయి: పీపీ, ఈపీడీఎం. అంటే రబ్బరు కలిపిన పాలీప్రొపిలీన్. 1954లో ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా రూపమిచ్చిన ప్లాస్టిక్ ఇది. ఆ తరహా పరిశోధనలకు 1963లో జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌తో కలిసి ఆయన నోబెల్ అందుకున్నారు. బకెట్లూ కుర్చీలూ డబ్బాలూ ఎక్కువగా దీనితోనే తయారవుతాయి. దీని మంచి గుణమే పెయింటర్‌కు శాపం. దీనికి ఏదీ ఓ పట్టాన అంటుకోదు. ఉపరితల శక్తి తక్కువ కావడంతో తామరాకు మీద నీటిబొట్టులా రంగు పక్కకు జారుకుంటుంది. అందుకే ఫ్యాక్టరీల్లో రంగు వేసే ముందు దీనికి మంట సెగ తగిలించి గానీ, పట్టునిచ్చే ప్రత్యేక ద్రావణం పూసి గానీ సిద్ధం చేస్తారు.

పెద్దాయన నమ్మలేదు. "ఉప్పుకాగితంతో గరుకు చేస్తే పట్టని రంగుంటుందేట్రా?" అన్నారు. పెరట్లో పడున్న పగిలిన బకెట్ తెచ్చి, సగాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఇంట్లో మిగిలిన స్ప్రే రంగు కొట్టారు. మర్నాటికి చక్కగా ఆరింది. టేపు అతికించి లాగితే రంగంతా పొరలా ఊడి టేపుతో వచ్చేసింది. ఆయన ఆ టేపును చాలాసేపు చూశారు. "ఇనప్పెట్టె అయితే ఇలా ఊడదు" అని మాత్రం అన్నారు. ఆ సాయంత్రమే కొడుకుతో ఆటో పెయింట్ దుకాణానికి వెళ్లి ప్లాస్టిక్ ప్రైమర్ ఎందుకు, ఎంతసేపు ఆరాలి అంటూ దుకాణదారును హిందీలో ప్రశ్నలతో ముంచెత్తారు. సామాన్లన్నీ కలిపి రూ. 2,300 అయ్యాయి. అందులో కారు రంగు కోడ్ ప్రకారం కలిపి డబ్బాలో నింపి ఇచ్చిన వెండి రంగుకే ఎక్కువ పోయింది.

రెండో ఆదివారం గీతను పూడ్చడం. చిరిగిన ప్లాస్టిక్ పోగులు చుట్టూ లేచి ఉన్నాయి. వాటిని పదునైన బ్లేడుతో కోసి, 180 నంబరు కాగితంతో మొదలుపెట్టి 320 దాకా వచ్చారు. నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. గీత చుట్టూ రంగు పొరలు మెట్లు మెట్లుగా కాకుండా వాలుగా దిగేలా రుద్దాలి. చేతికి మెట్టు తగిలితే రేపు కంటికీ తగులుతుంది. ఈ పనిలో పెద్దాయనకు సాటి లేరు. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి, ఇక్కడ ఇంకా ఉంది అని చెప్పేవారు. అక్కడ నిజంగానే ఉండేది.

లప్పం దగ్గరా ఆయనకు కొత్త పాఠమే. మామూలు బాడీ లప్పం గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది. బంపర్ వంగుతుంది, లప్పం వంగదు కాబట్టి పగుళ్లు వస్తాయి. వంగే గుణమున్న బంపర్ ఫిల్లర్ వేరే ఉంటుంది. బయటపడ్డ ప్లాస్టిక్‌కు ముందు పట్టునిచ్చే ప్రైమర్‌ను పలచగా కొట్టి, ఆపై ఈ ఫిల్లర్‌ను పలచగా రెండుసార్లు వేసి, ఆరాక 400 వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ సాపు చేశారు. ప్లాస్టిక్ మళ్లీ బయటపడ్డ చోటల్లా మరోసారి ఆ ప్రైమర్, దానిమీద బూడిద రంగు ప్రైమర్ రెండు పూతలు.

అది ఆరుతుండగా ఇద్దరూ గేటు పక్కన కుర్చీలేసుకుని కూర్చున్నారు. కోడలు టీ తెచ్చింది. మనవరాలు సైకిల్‌తో వచ్చి గేటు తీసి, అలవాటుగా స్తంభానికి ఆనుకుని నిలబడింది. కారు బయటకు తీసే ప్రతిసారీ ఆ పిల్లే గేటు తీసి అక్కడే నిలబడుతుంది. కొడుకు టీ గ్లాసు కింద పెట్టాడు. రాలిన సున్నం ఆ పిల్ల భుజం ఎత్తులోనే ఉంది.

"ఆ రోజు ఇది ఎక్కడుంది నాన్నా?"

పెద్దాయన వెంటనే జవాబివ్వలేదు. కాసేపటికి, "నీళ్ల సీసా మర్చిపోయిందని లోపలికెళ్లింది" అన్నారు. ఆపైన, "పక్కనే ఉందనుకున్నాను. చూళ్లేదు" అన్నారు. పది రోజులుగా ఆయన మోస్తున్నది గీతను కాదు, ఆ మాటను.

కొడుకు ఆ రాత్రి నిద్రపోలేదు. కారు తాళాలు దాచేయొచ్చు. కానీ తండ్రికి ఆ కారు ఒక ఆటవస్తువు కాదు. ఉదయం కూరగాయలు, నెలకోసారి బ్యాంకు, గుడి, పాత సహోద్యోగుల ఇళ్లు, మనవరాలి ట్యూషన్ అన్నీ అందులోనే. ఇంట్లో తానూ పనికొస్తున్నానన్న ధీమా కూడా అదే. చట్టం ఈ విషయంలో కొడుకుకు సాయం చేయదు. మన దేశంలో ఫలానా వయసు దాటాక నడపకూడదన్న గరిష్ఠ పరిమితి లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 55 ఏళ్లు దాటినవారు ఐదేళ్లకోసారి లైసెన్స్ రెన్యూ చేయించుకోవాలి. 40 దాటితే ఫారం 1ఎ మీద డాక్టరు ధ్రువపత్రం తప్పనిసరి. కానీ సంతకం పడుతుందా లేదా అన్నదానికంటే కంటికి నిజంగా ఎంత కనిపిస్తోందన్నది ముఖ్యం. దాన్ని ఇంట్లో వాళ్లే అడగాలి. తండ్రిని అలా అడగడం మాత్రం ఏ కొడుక్కీ సులువు కాదు.

మూడో ఆదివారం రంగు. పనికి కాలం కలిసొచ్చింది. రాయ్‌పూర్‌లో మే నెల ఎండకు రంగు బంపర్‌ను తాకేలోపే ఆరిపోయి గరుకు తేలుతుంది. వానల్లో గాలిలోని తేమకు పైపూత పాలిపోయి తెల్లబడుతుంది. చలికాలమే నయం, అదీ మంచు ఆరిపోయాక. అందుకే 11 గంటల దాకా ఆగారు. మరో శత్రువు దుమ్ము. ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పుణ్యమా అని ఈ నగరంలో డాబాల మీద నల్లటి పొడి పేరుకోవడం కొత్త కాదు. పెద్దాయన ముంగిలంతా నీళ్లు చల్లించారు. తడి నేల దుమ్మును లేవనివ్వదు. వర్క్‌షాప్‌లో నేర్చుకున్న కిటుకది. బంపర్ చుట్టూ మాస్కింగ్ టేపు, పాత దినపత్రికలు. గీత చుట్టూ కాకుండా బంపర్ మూల మొత్తాన్ని, మలుపు గీత వరకూ తెరిచి ఉంచారు. కొత్త రంగు అంచు మలుపులో దాక్కుంటే కంటికి ఆనదు. పార్కింగ్ సెన్సర్ మీద రంగు పడకుండా దాన్నీ మూసేశారు. దాని మీద అదనపు పొర పడితే అది సరిగా పనిచేయకపోవచ్చు.

ముఖానికి గుడ్డ కట్టుకోబోతున్న తండ్రిని కొడుకు ఆపాడు. గుడ్డ దుమ్మును కొంత ఆపుతుందే తప్ప రంగులోని ద్రావకాల ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు ఫిల్టరున్న మాస్కే కావాలి. గట్టిపరిచే రసాయనం కలిపి కొట్టే రెండు భాగాల పైపూత ఇంకా మెరుస్తుంది, ఇంకా మన్నుతుంది. కానీ అందులోని ఐసోసయనేట్లు ఆస్తమా తెచ్చిపెట్టగలవు. అందుకే దాన్ని కొనలేదు. మెరుపు కాస్త తగ్గినా ఫర్వాలేదనుకున్నారు.

పెద్దాయన డబ్బాను రెండు నిమిషాల పాటు బాగా ఊపి, ముందు ఓ అట్టముక్క మీద కొట్టి చూశారు. చేయి వణికింది. వెండి రంగు అట్ట మీద అలలు అలలుగా పడింది. మరోసారి ప్రయత్నించారు. వేలు నొక్కిన చోట నిలవలేదు. ఏమీ అనకుండా డబ్బా కొడుకు చేతిలో పెట్టారు. మాస్కు కూడా.

"జానెడు దూరం ఉంచు. బంపర్ బయట మొదలెట్టు, బయటే ఆపు. మధ్యలో చెయ్యి ఆపకు. మొదటి వరుసలో సగం మీదుగా రెండోది రావాలి" అన్నారు దూరంగా కుర్చీలో కూర్చుని. మొదటి పూత చాలా పలచగా, కింద బూడిద రంగు కనిపించేలా. పది నిమిషాలు ఆగి రెండోది. ఆపై మూడోది. ఆతృత కొద్దీ కొడుకు ఒకచోట చేయి నిలిపాడు. రంగు కన్నీటి చారలా కిందికి కారింది. "ముట్టుకోకు. ఆరనీ" అన్నారు పెద్దాయన. ఆరాక 1000 నంబరు వాటర్ పేపర్‌తో ఆ చారను తీయించి, మరో పూత వేయించారు. ఆపై పారదర్శక పూత మూడుసార్లు. టేపును రంగు పూర్తిగా గట్టిపడకముందే, వెనక్కి మడుస్తూ మెల్లగా లాగించారు. వారం తర్వాత 2000 నంబరు కాగితంతో తడి చేసి తేలిగ్గా రుద్ది, పాలిష్ పెట్టారు.

దూరం నుంచి చూస్తే గీత లేదు. ఉదయపుటెండలో పక్కనుంచి చూస్తే మాత్రం ఆ మూల పిసరంత ముదురుగా కనిపిస్తుంది. వెండి రంగులో సన్నని అల్యూమినియం రేకులుంటాయి. పూత తడిగా పడితే అవి లోపలికి దిగి రంగు ముదురుతుంది, పొడిగా పడితే పైన నిలిచి తేలికవుతుంది. ఒకే డబ్బాలోని రంగు ఇద్దరి చేతుల్లో రెండు రంగులవుతుంది. ఎండకు వెలిసిన పాత రంగు పక్కన తేడా ఇంకాస్త తెలుస్తుంది. అది తెలియకూడదనుకుంటే బంపర్ మొత్తానికి రంగు వేయాలి. షాపువాడు రూ. 4,500 అడిగింది ఊరికే కాదు.

ఆ ముదురు మచ్చను తండ్రీ చూశారు, కొడుకూ చూశాడు. పెద్దాయన బంపర్ మీద చేయి వేసి, వ్యాగన్ల సంగతెత్తారు. మరమ్మతయిన ప్రతి వ్యాగన్ మీదా అది మళ్లీ షాపుకు రావాల్సిన తేదీని రాస్తారు. ఆ తేదీ ఆయన ఎన్ని వేల వ్యాగన్ల మీద అద్దారో లెక్కలేదు. "బాగానే నడుస్తోంది కదా అని తేదీ దాటాక పంపించం. తెచ్చి చూడాల్సిందే" అన్నారు. కొంచెం ఆగి, "నా లైసెన్స్ మార్చి దాకా ఉంది. ఈలోపు కళ్లు చూపించుకుంటాను" అన్నారు.

కొడుకు మూడు వారాలుగా కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ వాడాల్సిన పని రాలేదు.

ఎడమ కంట్లో శుక్లం ముదిరిందని డాక్టరు చెప్పారు. ఆపరేషన్‌తో చూపు మెరుగవుతుందన్నారు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ నడుపుతారా లేదా అన్నది ఇంకా తేలలేదు. చేతి వణుకు సంగతి వేరే డాక్టరుతో తేల్చుకోవాలి. అప్పటిదాకా తాళాలు కొడుకు దగ్గరుండాలని ఎవరూ అనలేదు. పెద్దాయనే తెచ్చి మేకుకు తగిలించారు. కూరగాయలకు ఇప్పుడు నడిచి వెళ్తున్నారు. చెరువు గట్టున, మెరీన్ డ్రైవ్ అని ఊరంతా పిలుచుకునే చోట, పాత సహోద్యోగులు సాయంత్రాలు కలుస్తున్నారు. ఒకప్పుడు ఇటువైపుగా ధంతరికి వెళ్లిన నారోగేజ్ రైలు గురించి వాళ్లు ఇంకా మాట్లాడుకుంటారు.

ట్యూషన్‌కు కోడలు దింపుతోంది. మనవరాలు గేటు దగ్గర నిలబడే పని పోయింది. ఆ పిల్లను ముందే కారులో కూర్చోబెడుతున్నారు. గేటు తీసేది పెద్దాయనే. స్తంభానికి రెండడుగుల ఇవతల, అద్దంలో కనిపించే చోట నిలబడి, చేయి ఊపుతూ అంటారు: "రానీ... రానీ... కుడికి కొయ్యి... ఇంక ఆపు."